రెండో ర్యాంకు కింది చిన్న అక్షరాలు

ఏడో తరగతి సగంలో నేను బడిని వదిలేశానో, బడే నన్ను వదిలేసిందో ఇప్పటికీ తేలలేదు. ఇద్దరికీ మంచే జరిగిందని మా నాన్న అనేవాడు. కాని చదివే జబ్బు మాత్రం పోలేదు. మిర్చి బజ్జీలు కట్టిచ్చిన కాగితం కూడా పూర్తిగా చదివితే గాని బజ్జీ నోట్లో పెట్టేవాణ్ని కాదు. అప్పటికి బజ్జీ చల్లారిపోయేది. అందులో వార్త ఎప్పుడో చల్లారిపోయి ఉండేది.

ఆ జబ్బు వల్లే గోదావరిఖనిలో మా గని గేటు ముందు నాకు జీతం లేని ఉద్యోగం ఒకటి దొరికింది. మొదటి షిఫ్టుకు మస్టర్లో హాజరు పడేలోపు అరగంట ఖాళీ. గేటు ఎదురుగా చాయ్ హోటల్, దాని ముందు సిమెంటు అరుగు. ఆ అరుగు మీద కూర్చుని పేపరు పైకి చదవడం నా పని. చుట్టూ ఇరవై ముప్పై మంది. సగం మందికి చదవడం రాదు. మిగతా సగానికి వచ్చు గాని, నేను చదివితే రుచిగా ఉంటుందనేవాళ్లు. ఆ రుచి నేను కలిపేదే. మంత్రి ఉపన్యాసం చదివితే మధ్యలో ఆయన దగ్గును కూడా చదివేవాణ్ని.

"వారీ, గా దగ్గు గుడ పేపర్ల రాసిన్రా?"

"రాయలే బావా. ఫొటోల కనవడుతాంది."

ఉన్నది ఉన్నట్టు చదివితే ఎవరూ వినరు. లేనిది చదివితే తంతారు. ఆ రెంటి మధ్య సందులో నేను బతికాను. దానికి నాకొక పద్ధతి ఉండేది. పెద్ద అక్షరాలు రెండుసార్లు, మామూలు అక్షరాలు ఒకసారి, అడుగున ఉండే చిన్న అక్షరాలు అసలే కాదు. షరతులు, నిబంధనలు, గమనికలు చదివితే ఎవరికీ నవ్వు రాదు. అవి రాగానే పేజీ తిప్పేసేవాణ్ని.

ఆ గుంపులో నా మాటలకు నవ్వని మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన్ని కాకా అనేవాణ్ని. చుట్టరికం లేదు. పదకొండేళ్లు ఇద్దరం జంటగా పనిచేశాం. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రదుంగలు నిలబెట్టడం ఆయన పని. దుంగలు మోసుకొచ్చి అందించడం నాది. దానితో పాటు నోరు ఆపకుండా వాగడం కూడా నాదే. ఆయనకు సంతకం వరకే వచ్చు. అయినా పేపరు చదివేటప్పుడు ముందు వరసలో కూర్చుని, కళ్లు నేలమీద పెట్టి ప్రతి మాటా వినేవాడు. అందరూ నవ్వడం అయిపోయాక, "తర్వాత?" అనేవాడు.

గనిలో నెత్తిమీది రాతిని మేము బండ అంటాం. దుంగ పెట్టే ముందు కాకా ఎడమ అరచేతిని బండకు ఆనించి, కుడిచేతిలోని కర్రతో పక్కన కొట్టి చూసేవాడు. గట్టి బండ ఖంగుమంటుంది. పొర విడిచిన బండ డొల్లగా పలుకుతుంది. కాని ఆయన చెవిని నమ్మేవాడు కాదు. పొర విడితే ఆ దెబ్బ అరచేతికి చిన్న వణుకులా తగులుతుందనేవాడు. అంతకుముందు షిఫ్టులో రక్షణ చూసే సర్దారు తిరిగి చూసి, సుద్దతో సంతకం, తారీఖు రాసి వెళ్లిన చోట కూడా కర్ర ఎత్తేవాడు.

ఒకసారి విసుగొచ్చి అన్నాను. "కాకా, సర్దారు రాసిండు గద. ఆయన ఏమన్న గుడ్డోడా?"

"ఆయన మంచోడే. గాని గా అక్షరం తెల్లారగట్లది. బండ ఇప్పటిది."

ఆ మాటను కూడా నేను నవ్వులాటకే వాడుకున్నాను. హోటల్లో చాయ్ తెస్తే, గ్లాసుకు చెయ్యి ఆనించి, చెంచాతో టింగుమని కొట్టి, "ఇప్పటిదే" అనేవాణ్ని. హోటల్ అన్న తిట్టేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

ఏటా చలికాలంలో రక్షణ వారోత్సవాలు వచ్చేవి. వేరే గనుల అధికారులు కమిటీగా వచ్చి, మా గనిలో తిరిగి చూసి మార్కులు వేసేవాళ్లు. మా అధికారులు వెళ్లి వాళ్ల గనులకు వేసేవాళ్లు. చివర్లో బహుమతులు. ఒక ఏడాది కమిటీ నడిచే దారికి సున్నం వేసే పని నాకూ కాకాకూ పడింది. మూడు రోజులు వేశాం. నల్లటి గనిలో ఆ దారి ఒక్కటే పెళ్లింటిలా మెరిసింది. కమిటీ రావడానికి ముందురోజు కాకా మళ్లీ కర్ర తీసుకుని బయలుదేరాడు. ఆరిన సున్నం మీద అరచెయ్యి పెట్టి కొడుతూ పోతున్నాడు. ఒక మలుపు దగ్గర ఆగాడు. మళ్లీ కొట్టాడు. నా చెయ్యి పట్టి బండకు ఆనించాడు. వణుకు నాకూ తగిలింది. పైన సున్నం మాత్రం తెల్లగా, నున్నగా ఉంది.

అక్కడ దుంగ నిలబెట్టాం. సాయంత్రం చిన్న మేనేజర్ చూశాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు, మంచివాడు.

"ఏంటి పెద్దాయనా, దారి మొత్తంలో ఇదొక్కటే అడ్డంగా ఉంది. రేపొక్క పూటకి తీసేస్తే పోదా?"

"తీత్త సార్. తీసినంక కమిటీ సార్లను గిక్కడ్నే నిలవడి మార్కులెయ్యమని చెప్పున్రి."

ఆయన ఒక క్షణం పైకి చూశాడు. "సరే, ఉంచండి. దానికీ ఓ పూత వెయ్యండి" అని నవ్వి వెళ్లిపోయాడు. దుంగకూ సున్నం వేశాం. మా గనికి రెండో బహుమతి వచ్చింది. మనిషికొక స్టీలు టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. మరునాడు అరుగు మీద నేను, "మొదటి గనోళ్లు సున్నం మనకన్న చిక్కగ కలిపిన్రట" అని పేపర్లో ఉన్నట్టే చదివాను. ఆ రోజు కాకా నవ్వాడు. పదకొండేళ్లలో నాకు గుర్తున్న నవ్వు అదొక్కటే.

ఇదంతా నా చేతులతో చేసినవాణ్ని నేను. అందుకే తరువాత చేసిన పనికి నాకు సాకు దొరకలేదు.

కాకా ఉద్యోగం దిగిపోయే ఏడాది వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం రావడానికి ఇంకా ఐదారేళ్లు ఉంది. కమాన్‌పూర్ వైపు ఉన్న ఆయన ఊరు, పొలంతో సహా ఓపెన్‌కాస్టు గని కిందికి పోయి చాలా కాలమైంది. చిన్నప్పుడు దున్నిన చోట ఇప్పుడు లోయ ఉందని, అందులో డంపర్లు చీమల్లా కనిపిస్తాయని చెప్పేవాడు. ఆయనకు ఒకటే కోరిక. ఆ పక్క ఊళ్లో రెండెకరాలు కొని, మిగిలిన రోజులు ఎండలో పనిచేయాలి. 'ఎండలో' అన్న మాట ఆయన ఒత్తి పలికేవాడు. పొలం కూడా చూసుకున్నాడు. అమ్మే అన్నదమ్ముల మధ్య పంపకాలు తేలడానికి ఏడాది పడుతుందన్నారు. చేతికొచ్చిన రిటైర్మెంటు పైసలను ఆ ఏడాదిపాటు ఎక్కడో ఉంచాలి.

క్వార్టర్‌లో వాకిట్లో కూర్చుని ఈ మాట వచ్చినప్పుడు చిన్నమ్మ, అంటే కాకా భార్య, బియ్యం ఏరుతూ ఒకే మాట అంది. "బ్యాంకుల ఎయ్యరాదు."

"బ్యాంకుల పైసలు నిద్రపోతయి చిన్నమ్మా" అన్నాను నేను.

"పోనియ్యి. లేపితే లేస్తయి గద."

ఓడిపోయేటప్పుడు ఎప్పుడూ చేసేదే చేశాను. చిన్నమ్మ ఎవరినీ నిద్రపోనివ్వదని కాకా మీద ఒక జోకు వేశాను. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ వారమే పేపరుతో పాటు రంగుల పేజీ ఒకటి వచ్చింది. దేశంలో ఎక్కువ గౌరవం పొందిన కంపెనీల జాబితా. ఒకటి నుంచి యాభై దాకా ర్యాంకులు, పక్కన కోట్లు వేసుకున్న పెద్దమనుషుల ఫొటోలు. రెండో ర్యాంకులో పొలాల మోటార్లు, పైపులు చేసే కంపెనీ ఉంది. పేరు చెప్పను. ఇప్పుడా పేరుతో బోర్డు కూడా లేదు. అప్పుడు మాత్రం మా వైపు గోడల మీద దాని పేరు లేని ఊరు లేదు. అరుగు మీద కూర్చుని ఆ పేజీని పెళ్లికొడుకుల జాబితాలా చదివాను. ఒక్కొక్కడి మీసం గురించి, కోటు గురించి ఒక్కో మాట కలిపాను. జనం పడీపడీ నవ్వారు.

కాకా నవ్వలేదు. అందరూ లేచాక అడిగాడు. "గా రెండోది మోటర్ల కంపెనీయేనా?"

"గదే కాకా. మూడేండ్ల సంది రెండో నంబరట."

"మా ఊరు పోకముందు మా దాయాదోళ్ల బాయి మీద వాళ్ల మోటరే ఉండె. ఒక్కనాడు ఆగలే."

"మరి ఇంకేంది."

"నువ్వు జూసినవా మంచిగ?"

"చూసిన కాకా."

నేను చూసింది పేజీని. ఆయన అడిగింది వేరే. పదకొండేళ్లు పక్కన నిలబడిన మనిషి "చూసిన" అంటే అరచెయ్యి పెట్టి చూశాడని ఆయన అర్థం చేసుకున్నాడు. ఆయన నమ్మింది ఆ ర్యాంకును కాదు. ర్యాంకు ఆయనకు చదవనే రాదు. చదివిన నోటిని నమ్మాడు.

బజారులో మేడమీద ఉన్న షేర్ల ఆఫీసుకు నేనే తీసుకుపోయాను. పద్దెనిమిది చోట్ల సంతకం పెట్టమన్నారు. పన్నెండో సంతకం దగ్గర కాకా కలం ఆపి, "పెండ్లికి గుడ ఇన్ని అడగలే" అన్నాడు. ఆఫీసువాళ్లు నవ్వారు. ఆయన జోకు వేయలేదని నాకు తెలుసు. అయినా నేనూ నవ్వాను. నా పైసలు కూడా కొన్ని పెట్టాను, పౌరుషం కోసం.

నాలుగు నెలలు ఆ మోటార్ల కంపెనీ షేరు ధర పెరిగింది. అరుగు మీద నన్ను షేరు సారూ అని పిలవసాగారు. ఎవరి పైసలు ఎక్కడ పెట్టాలో నన్ను అడిగేవాళ్లు. నేను కాలు మీద కాలు వేసుకుని ఆ రంగుల పేజీ గురించి చెప్పేవాణ్ని. కాకా దిగిపోయినా పొద్దున్నే చాయ్‌కి వచ్చి, అదే ముందు వరసలో కూర్చునేవాడు. పంపకాలు తేలుతున్నాయని, వానలకు ముందే రిజిస్ట్రేషన్ అవుతుందని చెప్పాడు. ఎద్దులు కొనడమా, ట్రాక్టరు కిరాయికి తేవడమా అని నన్ను సలహా అడిగాడు. ఎద్దులైతే నా జోకులకు తల ఊపుతాయన్నాను.

ఒక పొద్దున పేపరు విప్పాను. మొదటి పేజీలో పెద్ద ఫొటో. షట్టర్లు ఎత్తి ఉన్న గోదాము, లోపల ఏమీ లేదు. నేల మీద ఒక కుక్క పడుకుని ఉంది. కుక్కను చూడగానే నాకు మాట దొరికింది. "గోదాముకు కొత్త మేనేజర్ వచ్చిండు, చూడున్రి" అని మొదలుపెట్టాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే శీర్షిక చదివాను. కంపెనీ పేరు నోట్లోంచి వచ్చేదాకా నాకు తెలియలేదు. వచ్చాక ఆగిపోయాను.

హోటల్ అన్న స్టవ్ మంట తగ్గించాడు.

"సదువు" అన్నాడు కాకా.

"కాకా..."

"ఆపకు. సదువు."

చదివాను. దేనికీ రుచి కలపకుండా నేను చదివిన మొదటి వార్త అదే. గోదాముల నిండా సరుకు ఉందని ఏటేటా రాసుకున్నారట. ఆ సరుకును చూపించి అప్పులు తెచ్చారట. అప్పు ఇచ్చిన ఒకరు మనిషిని పంపి తాళం తీయిస్తే, రాసిన దాంట్లో పావు వంతు కూడా లేదట. అన్నేళ్లలో ఆ షట్టరు ఎత్తి చూసినవాడు ఇంకొకడు లేడు. ర్యాంకులు ఇచ్చినవాళ్లు, అప్పులిచ్చినవాళ్లు, మేడమీది ఆఫీసువాళ్లు, నేను, ఎవరమూ తలుపు తట్టలేదు.

పూర్తయ్యాక కాకా లేచి, చాయ్ పైసలు ఇచ్చి వెళ్లిపోయాడు. సైరన్ మోగింది. నేను డ్యూటీకి పోలేదు.

చాలా రోజులు అమ్ముదామన్నా కొనేవాడు లేడు. చివరకు చేతికొచ్చిన దాంతో రెండెకరాలు కాదు, దాని గెట్టు కూడా రాదు. పంపకాలు తేలాయి. ఆ భూమిని బజారులోని ఒక వ్యాపారి కొన్నాడు. కాకా క్వార్టర్ ఖాళీ చేసి ఆ ఊరివైపే వెళ్లాడు. సామాను ఎత్తించడానికి వెళ్లాను. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. చిన్నమ్మ నాకు నీళ్లిచ్చింది. అంతే. తిట్టి ఉంటే నేనేదో ఒక మాట అనేవాణ్ని. ఏదో ఒక దారి దొరికేది.

మరుసటి ఏడాది మళ్లీ ఆ రంగుల పేజీ వచ్చింది. అవే కోట్లు, అవే నవ్వులు. రెండో ర్యాంకులో ఇంకో కంపెనీ. పాతది ఏమైందో గాని, నిరుడు దానికి ర్యాంకు ఇచ్చింది మేమేనని గాని ఒక్క ముక్క ఎక్కడా లేదు. అరుగు మీదివాళ్లు చదవమన్నారు. చదవలేదు. నాకు గొంతు బాగోలేదన్నాను.

ఆ తరువాత చాలాసార్లు ఆలోచించాను. ఆ జాబితా రాసినవాళ్లు అబద్ధం చెప్పారని నేను అనను. మా గనికి వచ్చిన కమిటీ కూడా అబద్ధం చెప్పలేదు. మేము చూపించిన దారిలో నడిచారు, తెల్లగా ఉంది, తెల్లదనానికి మార్కులు వేశారు. ఒకరి గని ఒకరు చూశారు. మంచి పేరు అంటే చాలావరకు ఇదే అనిపిస్తుంది. అది పనికిరానిదని కూడా అనలేను. ఏ సర్దారు దగ్గర పని బాగుంటుందో మేమూ పేరును బట్టే అడిగి వెళ్లేవాళ్లం. కాని అడిగి వెళ్లాక కర్ర ఎత్తేవాళ్లం. పేరు నిన్నటి పనికి వస్తుంది. పైసలు రేపటి పని మీద పెడతాం. మధ్యలో ఉన్న ఈ రోజును ఎవరో ఒకరు వెళ్లి కొట్టి చూడాలి. వెళ్లలేనివాడు తన పొలం పైసలను ఆ పేరు కింద నిలబెట్టకూడదు. పోతే నవ్వుకోగలిగినంత పెట్టుకోవచ్చు. నా పైసల సంగతి అంతే. కాకా పైసలకు నవ్వు లేదు.

రాష్ట్రం కోసం సమ్మెతో గనులన్నీ ఆగిన రోజులు వచ్చాయి. డ్యూటీ లేదు, చేతుల నిండా ఖాళీ. రెండేళ్లుగా వాయిదా వేస్తున్న పనికి బయలుదేరాను. బస్సు దిగి, దారి అడుగుతూ నడిచి, కాకా ఉన్న పొలానికి చేరాను. చేరాకే తెలిసింది, అది ఆయన కొనాలనుకున్న రెండెకరాలే. వ్యాపారి దగ్గర కౌలుకు తీసుకుని చేస్తున్నాడు.

వరి పొట్ట మీద ఉంది. కాకా నల్లబడ్డాడు. గని నలుపు కాదు, ఎండ నలుపు. నన్ను చూసి, "గిప్పుడు తోవ దొరికిందా పిలగా" అన్నాడు. చిన్నమ్మ గెట్టు మీద నుంచి, "తిన్నవా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెమట తుడుచుకున్నట్టు నటించాను.

బాయి పక్కన మోటరు మోగుతోంది. దాని మీద అచ్చు పోసిన పేరు చూసి నిలబడిపోయాను. అదే కంపెనీ.

"మంచిగనే నడుస్తాంది" అన్నాడు కాకా. "మోటరు చేసినోడు మంచోడే. గోదాము రాసినోడు వేరేటోడు."

మోటరు గుడిసెలో గోడకు ఒక సంచి వేలాడుతోంది. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. ఆ రంగుల పేజీ. ఆనాడు అరుగు మీద నేను వదిలేసి వెళ్తే తీసుకుపోయి దాచాడట. మడతల దగ్గర రంగు పోయింది. వెనక్కి తిప్పాను. ఇన్నేళ్లకు మొదటిసారి వెనక పేజీ చూశాను. పేజీ నిండా ఆ కంపెనీ ప్రకటనే.

"గిది అంత సదివినవా ఆనాడు?"

"లేదు కాకా."

"ఏది సదవలే?"

అడుగున వేలు పెట్టి చూపించాను. చీమ తల అంత అక్షరాలు.

"సదువు."

మోటరు చప్పుడు మీద వినబడేలా, గొంతు పెంచి చదివాను. ఈ ర్యాంకులు ఇతర కంపెనీల అధికారుల అభిప్రాయాలను బట్టి ఇచ్చినవి. కంపెనీలు చెప్పిన వివరాలను మేము స్వయంగా సరిచూడలేదు. పెట్టుబడి విషయంలో దీన్ని సలహాగా తీసుకోరాదు. మూడే వాక్యాలు. ఒక బీడీ ముట్టించేంత సేపు కూడా పట్టలేదు.

కాకా కాగితం నా చేతిలోంచి తీసుకున్నాడు.

"కండ్లకు ఆనక సదవలేదా, నవ్వు రాదని సదవలేదా?"

పదకొండేళ్లు ఆ మనిషి పక్కన ఉన్నాను. అబద్ధం చెప్పినా అరచేతికి తెలిసిపోతుంది.

"నవ్వు రాదని" అన్నాను.

ఆయన తల ఊపాడు. కాగితాన్ని మళ్లీ అవే మడతలు పెట్టి సంచిలో వేశాడు. వచ్చేముందు, జీతంలోంచి నెలనెలా కొంత ఇస్తానని, ఎప్పటికైనా ఒక ఎకరమైనా కొందామని నేల చూస్తూ చెప్పాను. ఆ మాట చెప్పడానికే వచ్చాను.

"నీ పైసలు నాకద్దు" అన్నాడు కాకా. కోపం లేదు, ప్రేమ కూడా లేదు. దుంగ ఎక్కడ పెట్టాలో చెప్పేటప్పటి గొంతు అది. "గనులు మల్ల మొదలైతే గా అరుగు మీద కూసుంటవు గద. నీ మాట ఇనేటోళ్లు ఇంక ఉన్నరు. కింది దాక సదువు."

తరువాత మోటరు బందు చేయమన్నాడు, ఆ మడికి నీళ్లు చాలని. నేను వెళ్లి బందు చేశాను.